పనస చెక్క గిటారు, త్రీఫేజు కరెంటు

ఆ రోజుల్లో మా తిరుపతిలో దేవుడి దర్శనం ఎవరికైనా దొరికేది గానీ, ఎలక్ట్రిక్ గిటారు దర్శనం మాత్రం మహా పుణ్యం చేసుకున్నవాడికే. డిగ్రీ రెండో సంవత్సరంలో నాకా పుణ్యం ఒక పెళ్లి పందిట్లో దక్కింది. మద్రాసు నుంచి వచ్చిన వాద్య బృందంలో ఒకాయన కళ్లు మూసుకుని తీగను మీటీ మీటనట్టు మీటితే, ఆ శబ్దం పందిరి గుంజలన్నీ తిరిగి వచ్చి తిన్నగా నా వెన్నులో దూరింది. అప్పటి నుంచి అన్నానికి కూర్చున్నా నా ఎడమచేతి వేళ్లు కంచం అంచు మీద స్వరాలు వెతుక్కునేవి. (“వీనికి మూడు పూటలు కూడు పెట్టకుంటే అన్నీ కుదురుకుంటాయి” అని మా నాయన వైద్యం కూడా చెప్పాడు. మా అమ్మ దయ వల్ల అది అమలు కాలేదు.)

ఊళ్లో ఒక ఆర్కెస్ట్రా ఉండేది. దాని మాస్టరు తన ప్యాంటు అంచులతో వీధులన్నీ ఊడ్చుకుంటూ నడిచేవాడు కనుక మేమంతా బెల్‌బాటం మాస్టరు అనేవాళ్లం. స్నేహితుడి పాత గిటారు మీద నేను నేర్చుకున్న నాలుగు ముక్కలూ విని, ఆయన తల ఊపాడు. “చేతులు బాగుండాయప్పా. కరెంటు గిటారు నువ్వే తెచ్చుకుంటే వచ్చే జాతరకు నిన్నే నిలబెడతా. లేదంటావా, చిత్తూరు పిలగాడొకడు కాసుకోని ఉండాడు” అన్నాడు. ఆ జాతర ఎక్కడనుకున్నారు? ఐరాల పక్కన మా అవ్వ ఊళ్లో! నేను పుట్టిన దగ్గర్నుంచీ నన్ను ‘బక్కోడు’ అని పిలిచిన ఊరంతటి ముందూ స్టేజీ ఎక్కి గిటారు వాయించే అవకాశం. ఇక నాకు నిద్రెక్కడిది?

కొత్త గిటారు కొనడం మా ఇంటి వల్ల అయ్యే పని కాదు. అందుకని ముక్కలు ముక్కలుగా పోగుచేసి నేనే తయారుచేద్దామనుకున్నాను. మెడ మద్రాసులో పాత సామాన్ల అంగడిలో దొరికింది. దాని మిగతా శరీరం ఏమైందో అంగడివాడికే తెలియదు. తీగలు బిగించే బిరడాలు ఒకచోట, తీగలు ఇంకోచోట కొన్నాను. శబ్దం పెంచే గుండీ ఏదో చచ్చిపోయిన రేడియోది. తీగల్ని ఎత్తిపట్టే వంతెన కోసం ఇత్తడి తలుపు బందును ఆకురాయితో అరగదీయించుకున్నాను. చెక్క కావాలని మా అవ్వకు చెప్పగానే ఆమె తన వడ్ల పెట్టె మూత ఊడదీసి ఇచ్చేసింది. “వీణకు పనసే మేలంటారు నాయనా, తీస్కపో” అంది. ఇది వీణ కాదని నేను ఎంత చెప్పినా, “అదీ తీగలదే గదా” అనేసింది. పెట్టె మీద ఒక గోనెపట్ట కప్పుకుని ఆ ఏడాదంతా గడిపింది. ఊరి వడ్రంగి నేను గీసిచ్చిన బొమ్మ చూసి చెక్కాడు గానీ, పలచగా చేస్తే చెక్కకు అవమానమని మందంగానే వదిలేశాడు. మెడలో వేసుకుంటే ముందుకు వంగి దండం పెడుతున్నట్టు నిలబడాల్సి వచ్చేది.

ఇక మిగిలింది ప్రాణం, అంటే తీగ అదురును కరెంటుగా మార్చే చుట్ట. తీగల కింద అయస్కాంతం పెట్టి, దాని చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగితీగ వేల చుట్లు చుట్టాలని ఒక ఇంగ్లీషు పత్రికలో చదివాను. చిత్తూరులో మా మామకు బావి మోటార్ల వైండింగు షాపు ఉండేది. ఇంతకంటే అదృష్టం ఎవరికుంటుంది? మామ పత్రికలోని బొమ్మ చూసి నవ్వాడు.

“ఇదేంది అల్లుడూ, తీగా, బూజా? ఒక్క పూట లోడు పడితే మాడిపోతాది. నేను సుట్టిన మోటరు బాయిలో మునిగినా మళ్లా తిరగతాది. నాకు వదిలెయ్.”

వదిలేశాను. మామ మోటారుకు వేసే లావుపాటి తీగనే పట్టినన్ని చుట్లు చుట్టి, వార్నీషులో ముంచి, సెగ మీద ఆరబెట్టి చేతిలో పెట్టాడు. ఇంట్లో రేడియోకు తగిలించి వాయిస్తే పాట సన్నగా, వెనకాల ‘గూం’ మని ఒక మూలుగు. పెద్ద మైకుసెట్టుకు పెడితే పాట పెరుగుతుందిలే అనుకున్నాం. మూలుగు కూడా పెరుగుతుందని మామకూ తట్టలేదు, నాకూ తట్టలేదు.

జాతర నాడు పొద్దు వాలుతుండగా కార్యక్రమం మొదలైంది. ఊరంతా స్టేజీ ముందే ఉంది. మొదటి వరసలో మా అవ్వ, కొత్త చీరలో. డ్రమ్ములు అదరగొట్టాయి, మాస్టరు రెండు పాటలు పాడి, “ఇప్పుడు మీ ఊరి మనవడు!” అని నన్ను ముందుకు తోశాడు. నేను తీగ మీటాను. ఏమీ వినబడలేదు. గుండీ ఇంకొంచెం తిప్పాను. ఇంకొంచెం. వేపచెట్టుకు కట్టిన హారన్లలోంచి మెల్లగా లేచింది: “గూ... ఊఊఊం...”

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అది ఎండాకాలం. చెరుకు ఎండిపోతోంది. దీపాలకు కరెంటు ఉన్నా, మోటార్లు తిరగడానికి కావలసిన త్రీఫేజు కరెంటు ఏ వేళకు వస్తుందో ఎవరికీ తెలియదు. ఎవరి బావి దగ్గరైనా మోటారు ‘గూం’ అంటే కరెంటు వచ్చినట్టు లెక్క. భోజనం మధ్యలోనైనా లేచి పరుగెత్తడమే ఆ ఊరి అలవాటు.

“కరెంటొచ్చిండాదిరో!” అని ఎవరో కేక వేశారు. అంతే. వెనక వరసలు లేచాయి, మధ్య వరసలు లేచాయి, పంచెలు ఎగ్గట్టుకుని మగవాళ్లందరూ పొలాల వైపు దౌడు. “యాడికప్పా? కూసోండి!” అని మాస్టరు మైకులో అరుస్తూనే ఉన్నాడు. నేను పాట ఆపలేదు. (ఆపితే బక్కోడు అంటారని భయం.) చిత్రమేమిటంటే, త్రీఫేజు నిజంగానే వచ్చి ఉంది. మా డ్రమ్ముల హోరులో ఎవరికీ తెలియలేదు! ఊళ్లోని మోటార్లన్నీ ఒక్కసారిగా తిరిగేసరికి వోల్టేజి పడిపోయి, స్టేజీ మీది బల్బులు అగరొత్తి నిప్పుల్లా మిగిలాయి. మైకుసెట్టు గుటకవేసి ఊరుకుంది.

మాస్టరు తలపట్టుకున్నాడు. “నీ గిటారు చెరుకుతోటకు పుట్టినాదబ్బా, ఆర్కెస్ట్రాకు కాదు” అన్నాడు. చిత్తూరు పిలగాడి పేరు అక్కడే ఖాయం చేసేశాడు. కాసేపటికి బురద కాళ్లతో వచ్చిన రైతొకాయన నా చేతిలో బెల్లం ముద్ద పెట్టి, “రేపు గూడా ఒకపారి వాయించప్పా, మడి తడిసిపోతాది” అని బతిమాలాడు. నవ్వాలో ఏడవాలో తెలియక బెల్లం తిన్నాను. బాగుంది.

మా అవ్వ మాత్రం లేవలేదు. స్టేజీ పక్కకు వచ్చి కూర్చుని, “ఇంగా వాయించు నాయనా” అంది.

“కరెంటు లేకుంటే ఇది వట్టి చెక్క అవ్వా, వినబడదు.”

“చెక్క నాది గదరా. దాని మాట నాకు తెలీదా?”

అలా అని ఆ పనస చెక్కకు చెవి ఆనించింది. నేను ఊరంతటి కోసం సాధన చేసిన పాటను ఒక్క చెవి కోసం మొదట్నుంచి చివరిదాకా వాయించాను. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి, ఎందుకు దాచాలి? అంతా అయ్యాక అవ్వ తల ఎత్తి, “బాగుండాది. పెట్టెలోకి వడ్లు పోసేటప్పుడు గూడా ఇట్లే మోగేది” అంది.

ఆ తర్వాత నేను ఏ ఆర్కెస్ట్రాలోనూ చేరలేదు. గుమాస్తా ఉద్యోగం చేసి రిటైరయ్యాను. గిటారు మా హాలు గోడకు ఉంది. మొన్న దుమ్ము తుడుస్తూ ఊరికే ఒక తీగ మీటి, చెక్కకు చెవి ఆనించాను. “చెవి పోటా? చుక్కల మందు వేస్తానుండండి” అంటూ మా ఆవిడ లోపలికి వెళ్లింది. ఆమె వచ్చేదాకా అట్లాగే ఉండిపోయాను. చెక్క లోపల ఒక బక్క కుర్రాడు, ఎవరూ లేచి వెళ్లని జాతరలో, తన పాట వాయించుకుంటున్నాడు.