ఏందో ఒగటి

మొన్న హిందూపురంలో మా ఆఫీసు స్టోరు గది సర్దుతుంటే పాత టైపు మిషను ఒకటి బయటపడింది. దుమ్ము దులపగానే రిబ్బను సిరా, నూనె కలిసిన వాసన గుప్పుమంది. పెనుకొండలో నాకు టైపు నేర్పిన రుక్మిణమ్మ మేడం గుర్తొచ్చి, చేతిలో గుడ్డతో అలాగే నిలబడిపోయాను.

తొంభైల చివర్లో డిగ్రీ పూర్తిచేసి ఆమె ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. మేడం ధర్మవరం మగ్గాల ఇంట్లో పుట్టిన మనిషి, ఒక్క పోగు తప్పినా ఊరుకోని రకం. ఒక్క అక్షరం తప్పినా కాగితమంతా మళ్ళీ కొట్టించేది. బ్యాచీలో అందరికంటే నాదే స్పీడు. ఆ సంగతి నా నోటితో ఎన్నడూ చెప్పుకోలేదు. నిండుకుండ తొణకదని మా నాయన నేర్పిన పాఠం డిగ్రీ కంటే ముందే వంటబట్టింది మరి.

ఒకరోజు హిందూపురం నుంచి ఒక కంపెనీ మేనేజరు టైపిస్టు కోసం వచ్చాడు. ఏడాదిగా ఖాళీగా ఉన్న నాకు ఆ ఉద్యోగం మీద ప్రాణమంతా ఉంది. ఎలాంటి ఉద్యోగం కావాలని ఆయన అడిగితే మాత్రం తల వంచుకుని, "ఏందో ఒగటి సార్" అన్నాను. మా వైపు అది మర్యాద. నోరు తెరిచి అడిగితే ఆశపోతు అంటారు. పక్కనున్న మా బ్యాచీ గౌరి, "ఈ ఉద్యోగమే నాకు కావల్ల సార్. స్పీడు తక్కువుండాది, నెలలో నేర్చుకుంటా" అంది. నాకు లోలోపల నవ్వొచ్చింది. నా సంగతి మేడం చెబుతుందిలే అనుకున్నాను.

మరునాడు ఉద్యోగం గౌరికి వచ్చిందని తెలిసింది. నేరుగా మేడం దగ్గరికి వెళ్ళాను.

"మీరైనా నా గురించి చెప్పలేదా మేడం?"

"ఆయప్ప నన్ను అడిగినాడు. ఈ పిల్లకు ఏదైనా ఒగటేనంట, గౌరికి ఇయ్యండి అని నేనే చెప్పినా."

చెంప మీద కొట్టినట్టయింది. "నా స్పీడు మీకు తెలుసు కదా?"

"నాకు తెలుసు. నీకు తెలుసునా? అడగందే అమ్మైనా పెట్టదు."

నెలరోజులు ఆ వీధిలో అడుగు పెట్టలేదు. అంత కోపం నాకుందని అప్పుడే తెలిసింది. తర్వాత హిందూపురంలోనే ఇంకో ఇంటర్వ్యూలో తలెత్తి, "ఈ ఉద్యోగం నాకు కావాలి, బాగా చేస్తాను" అన్నాను. ఆ మాట నా నోటివెంట వచ్చిందంటే నాకే నమ్మకం కుదరలేదు. ఆ ఉద్యోగం నాకే ఇచ్చారు.

ఇప్పుడు మనుషులను తీసుకునే పని నాది. ముదిగుబ్బ నుంచి, రామగిరి నుంచి డిగ్రీ పిల్లలు వస్తారు. "ఏదైనా పర్వాలేదు మేడం" అని తల వంచుకుంటారు. వాళ్ళను రెండోసారి అడుగుతాను. రుక్మిణమ్మ మేడం నేర్పిన పాఠం వల్లే ఈ కుర్చీలో ఉన్నాను, కాదనను. కానీ ఆ రోజు నన్ను కూడా ఆమె రెండోసారి అడిగి ఉండాల్సింది.