బంకపుటల ఆల్బమ్

పోయిన ఆదివారం కిష్టారెడ్డిపేటలోని మా ఫ్లాటుకు ఒక చిన్న పెట్టె వచ్చింది. రిటైరైనవాడు ఖాళీగా కూర్చుంటే వంటకు వంకలు పెడతాడని మా అమ్మాయి భయం. అందుకని స్టాంపులు సేకరించేవాళ్ల సామాను తెప్పించింది. కొసలు చదునుగా ఉన్న చిన్న చిమ్టా, భూతద్దం, నున్నటి పలుచని కాగితపు కవర్లు, స్టాంపు వెనక అంటించే బుల్లి గమ్ ముక్కలు, నల్లపుటల పుస్తకం. వాటితోపాటు ఒక సూచనల కాగితం. స్టాంపులను బంకపుటల ఫొటో ఆల్బమ్‌లో ఎప్పుడూ పెట్టకూడదట, పెడితే మళ్లీ ఊడిరావట. అది చదివి పెట్టె మూసేశాను.

నా చిన్నతనంలో మా మేనత్త పటాన్‌చెరు దగ్గర ఒక మందుల కంపెనీ ఆఫీసులో అటెండరు. భర్త పోయాక మా ఇంట్లోనే ఉండేది. విదేశాల ఉత్తరాల కవర్లు చెత్తబుట్టలోకి పోకముందే ఆమె చేతికి చిక్కేవి. ఈ పెట్టెలో ఉన్నలాంటివి చాలామటుకు ఆనాడే ఆమె దగ్గర ఉండేవి, ఒక్కటీ దుకాణంలో కొన్నది కాదు. కనుబొమ్మలు పీకే చిమ్టాను బండకు రాసి కొసలు మొద్దు చేసుకుంది. తడి అద్దడానికి, అంచు చిరిగిందని ల్యాబువాళ్లు పక్కన పెట్టిన గుండ్రటి వడపోత కాగితాలు. అంటించడానికి, పోస్టాఫీసులో బతిమాలి తెచ్చుకున్న స్టాంపుషీట్ల జిగురు అంచు పట్టీలు. పుస్తకమేమో పాత డిస్పాచ్ రిజిస్టరు. స్టాంపున్న కవరు ముక్కను సత్తుపళ్లెంలో నీళ్లలో వేసి, పొయ్యిమీద పాలు పెట్టినంత శ్రద్ధగా కనిపెట్టుకుని కూర్చునేది. నేను స్టాంపును గోటితో లాగబోతే చేతిమీద ఒకటి వేసేది.

"గుంజకు బిడ్డా. జెర సేపు ఆగు, అదే ఇడుస్తది."

ఆగడం నాకెక్కడ వచ్చు? ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికి, ఇస్త్రీ ప్యాంట్లు వేసే రోజులొచ్చాక ఆ రిజిస్టరును చూస్తే నామోషీ. దోస్తులు ఇంటికొస్తే దాన్ని కాలితో మంచం కిందికి నెట్టేవాణ్ణి. అవును, కాలితోనే. మొదటి జీతంతో సంగారెడ్డిలో మెరిసే అట్టల ఫొటో ఆల్బమ్ కొన్నాను. ఆమె డ్యూటీలో ఉండగా స్టాంపులన్నీ ఒలిచి, బంకపుటల మీద వరుసగా ఒత్తి, పైన ప్లాస్టిక్ కప్పాను. రిజిస్టరు, కాగితాలు, పళ్లెం పాతసామాన్లవాడికి వేశాను. చిమ్టా ఆమె చేతిసంచిలో ఉండబట్టి మిగిలింది. సాయంత్రం ఆమె ఆల్బమ్ తెరిచి, ఆ చిమ్టాతో ఒక స్టాంపు అంచును మెల్లగా కదిపి చూసింది. మంచిగుందని అంది. ఆ తర్వాత ఇంటికి ఒక్క కవరూ తేలేదు. వయసుతో సరదా తగ్గిందనుకున్నాను, నా తెలివి అంతటిది.

మొన్న ఆ పెట్టె పట్టుకుని కొల్లూరు వెళ్లాను. ఆమె ఇప్పుడు అక్కడ సర్కారిచ్చిన డబుల్ బెడ్‌రూం ఇంట్లో ఉంటోంది. సూచనల కాగితం చదివి వినిపించి, తప్పైందన్నాను. ఆ సంగతి ఆమెకు ఆ సాయంత్రమే తెలుసట. మరి ఒక్క మాటైనా అనలేదేమని అడిగాను.

"మొదటి జీతంతోని తెచ్చినవ్. సంబురంగ నా మొఖం దిక్కే సూస్తున్నవ్. ఏమని చెప్పాలె?"

ఆమె బీరువాలోంచి ఆల్బమ్ తెచ్చి నా ముందు పెట్టింది. కొత్త చిమ్టాతో ఒక మూల లేపబోతే స్టాంపు నిలువునా చిరిగింది. అత్త నా చెయ్యి పట్టుకుంది.

"గుంజకు బిడ్డా," అంది. ఈసారి ఆగమని మాత్రం అనలేదు.

కాలం గడిస్తే ఏదైనా వదులవుతుందని ఇన్నాళ్లూ అనుకున్నాను. నేను ఒత్తిన బంక మాత్రం ఏళ్లు గడిచినకొద్దీ గట్టిపడుతూనే వచ్చింది.