రంగు గోళీల ఆటలో వాకిలివాడు

ఆ రోజుల్లో ప్రొద్దుటూరులో బట్టలంగడి వాకిట్లో నిలబడి జనాన్ని పిలవడం కూడా ఒక ఉద్యోగమేనని, దానికి జీతమిచ్చి మనిషిని పెట్టుకుంటారని చెబితే మా ఊళ్లో నవ్వేవాళ్లు. నేను చేసింది అదే. డిగ్రీ పాసై, చెప్పులు కాలే ఎండలో నిలబడి, రోడ్డున పోయే ఆడవాళ్లందరికీ చేతులు జోడించి "రాండమ్మా, లోపలికి రాండి, పట్టుచీరలు పైనుండాయి" అనడం. (నిద్రలో కూడా అనేవాణ్ణట. మా తమ్ముడు దుప్పటి తీసుకుని మిద్దె మీదికి మకాం మార్చేశాడు.) నా కన్నంతా పై అంతస్తులోని పట్టు కౌంటరు మీదే. అక్కడ ఏసీ ఉంటుంది, కూర్చోవడానికి మెత్త ఉంటుంది, టీ మన దగ్గరికే వస్తుంది. అన్నిటికీ మించి, పులివెందులలో నాకు చూసిన సంబంధం వాళ్లకు మా అమ్మ ముందే చెప్పేసింది, "మావోడు పట్టు కౌంటర్లో కూచుంటాడు" అని. వాళ్లేమో వచ్చేవారం అంగడికే వచ్చి చూస్తామన్నారు. నాకు అన్నం సయించడం మానేసింది.

సరిగ్గా అప్పుడే పట్టు కౌంటర్లోని మామ కువైట్ పోయి, ఆ మెత్త ఖాళీ అయింది. దానికి నేనూ, షర్టింగు సెక్షనులోని పొడుగోడూ పోటీ.

మా అంగడి సావుకారి కొడుకు బెంగళూరులో చదివొచ్చి, జమ్మలమడుగు దాటాక గండికోట రోడ్డు పక్కన, కోట చూడ్డానికి వచ్చేవాళ్ల కోసం పెయింట్‌బాల్ మైదానం పెట్టాడు. తెరిచే ముందు ఎవరి మీదైనా ప్రయోగించి చూడాలి కదా, అంగడి సెలవునాడు మమ్మల్నందరినీ వ్యానెక్కించాడు. నాపరాళ్ల గోడలు, పాత టైర్ల గుట్టలు, తారు డ్రమ్ములు. చేతికి గ్యాసుతో పేలే తుపాకీ, అందులో రేగుపండంత రంగు గోళీలు, మొహానికి ముసుగు. రెండు జట్లు. గోళీ తగిలి రంగు అంటితే చచ్చినట్టు లెక్క, చెయ్యెత్తి బయటికి నడవాలి. షామియానా కింద కూర్చున్న సావుకారి ఊరుకోకుండా, "మీ ఇద్దర్లో ఎవడు ఆఖరిదాకా నిలబడితే వానికే పట్టు కౌంటరు. ఎన్ని చీరల మడతలు ఇప్పించినా బెదరనోడు గావాల నాకు" అన్నాడు. నేను వాచీ తీసి జేబులో పెట్టుకున్నాను.

ఈల మోగింది. నేను ఒక డ్రమ్ము వెనక నక్కాను. నా ఊపిరికి ముసుగు అద్దం మసకబారింది, చెమట కంట్లోకి కారుతోంది, తుడుచుకుందామంటే ముసుగు తీయకూడదు. నలువైపులా టపటపమని చప్పుళ్లు. ఒక్కొక్క చెయ్యే పైకి లేస్తోంది, ఒక్కొక్కరే షామియానా వైపు నడుస్తున్నారు. ఇంతలో ఎదుటి గోడ పక్కనుంచి పొడుగోడి మోకాలు బయటికొచ్చింది. (అంత మనిషి ఎక్కడని దాక్కుంటాడు పాపం.) కళ్లు మూసుకుని కొట్టాను. మోకాలు పచ్చబడింది. "నాకేం తగల్లా" అని గొణిగాడు గానీ, మోకాలు చూసుకుని చెయ్యెత్తక తప్పలేదు.

"ఇంగ ఇటు నువ్వొక్కడే, అటు అక్కొక్కతే" అని సావుకారి కొడుకు కేక వేశాడు. అక్క అంటే పట్టు కౌంటరు అక్క. అంగడిలో అందరికంటే పాతది. మోకాళ్ల నొప్పులు, చీర మీదే ఆటకిచ్చిన కోటు తొడుక్కుంది. మేమంతా కొట్టుకు చస్తుంటే ఆమె టైర్ల వెనక హాయిగా చతికిలబడి కూర్చునే ఉందట. ఆమెకు ఆ మెత్త అక్కర్లేదు, పక్క మెత్త ఆమెదే. ఊరికే గెలవాలని.

చప్పుడంతా ఆగిపోయింది. చెప్పుల కింద గులకరాళ్లు నలగడం మాత్రం వినిపిస్తోంది, ఎటు నుంచో తెలియదు. అక్క ఎటూ పరిగెత్తలేని మనిషి, నేను కదలకుండా ఉంటే చాలు, కనబడగానే కొట్టేయొచ్చు. మెత్త మీద కూర్చున్న నేను, మెట్లెక్కి వస్తున్న పులివెందుల వాళ్లు, అన్నీ కళ్లముందు కదులుతున్నాయి. వేలు మీట మీదే పెట్టుకున్నాను. అప్పుడు డ్రమ్ముకు అవతలి నుంచి, ఎండన పడి వచ్చి అలసిపోయిన ఆడమనిషి గొంతు మెల్లగా అడిగింది.

"ఏమప్పా, పట్టుచీరలు యాడుండాయి?"

నేను లేవలేదు. నా కాళ్లే లేచాయి. తుపాకీ చంకలో ఇరికించుకుని, రెండు చేతులూ జోడించి, "రాండమ్మా, పైనుండాయి" అన్నాను. గుండె మీద టప్పున ఎర్రరంగు పేలింది.

"నొప్పేసిందా నాయనా? చెయ్యెత్తు మరి" అంది అక్క.

సావుకారి కుర్చీలోంచి జారేంతగా నవ్వి, కళ్లు తుడుచుకుని, "పానం పోయేటప్పుడు గూడా గిరాకీని పిలిచినాడు. ఈన్ని వాకిట్లోంచి తీస్తే అంగడి మూసుకోవాల" అన్నాడు. మెత్త పొడుగోడిదయింది. తిరుగు వ్యానులో అందరూ నా గొంతుతో "రాండమ్మా" అంటుంటే నేను కిటికీలోంచి పొలాలు చూశాను. ఏడుపొచ్చింది, ఆపుకున్నాను.

అన్నట్టే ఆ వారం పులివెందుల వాళ్లు పిల్లతో సహా ఆటో దిగారు. దాక్కోవడానికి అక్కడ డ్రమ్ము లేదు. తలవంచుకుని, అలవాటు కొద్దీ, "రాండమ్మా" అన్నాను. పిల్ల మేనమామ నన్ను ఎగాదిగా చూసి, "పట్టు కౌంటర్లో కూచుంటాండావని చెప్పింది నీ గురించేనా?" అన్నాడు. ఈలోగా అక్క మెట్లు దిగొచ్చి, వాళ్లను పైకి తీసుకుపోయింది. ఆ గంటసేపు నేను ఎవరినీ పిలవలేదు. పైన ఆమె చీరలు పరుస్తూ మైదానంలో జరిగిందంతా పూస గుచ్చినట్టు చెప్పి, చివరికి పిల్లతో ఇలా అందట. "ఆడమనిషి అడిగితే, సచ్చేటప్పుడు గూడా లేసి నిలబడి చేతులు జోడిస్తాడమ్మా. ఇంట్లో నీకు ఇంతకంటే ఏం గావాల?"

ఆ పూట అక్క చీరా అమ్మింది, నన్నూ అమ్మింది.

పిల్ల చీర సంచి పట్టుకుని కిందికి దిగి, నా ముందు ఆగి, నవ్వాపుకుంటూ అడిగింది, "పట్టుచీరలు యాడుండాయి?" నా చేతులు వాటంతటవే జోడయ్యాయి.

ఇప్పుడు జమ్మలమడుగులో నాకంటూ చిన్న అంగడి ఉంది, మెత్త ఉంది, తల మీద ఫ్యాను ఉంది. ఎండలో నిలబడిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు జాలీ, ముద్దూ రెండూ కలుగుతాయి. ఏదో మాటకు అలిగి నేను గోడవైపు తిరిగి పడుకున్న రోజున మా ఆవిడ నన్ను బతిమాలదు. గుమ్మంలో నిలబడి ఆ ఒక్క ప్రశ్నే అడుగుతుంది. కోపం ఎంతున్నా సరే, నా కాళ్లు నన్నడక్కుండానే లేస్తాయి.