డోలీ దిగనన్న ముసలమ్మ

“డోలీ దిగువకెల్తన్నప్పుడు కాళ్లు ముందుండాల బాబూ, తల కొండవైపు. ఎగువకెక్కితే తల ముందు. నాను మొట్టమొదటి బొమ్మలోనే తప్పేసీసాను. కొండ దిగతన్న ముసల్దాని తల ముందుకెట్టీసాను. సంతలో సూసినోల్లు ఊరుకుంటారేటి? ‘ఓలే గంగా, ముసల్దాన్ని ఆసుపత్రికి తీసుకెల్తన్నావా, దారిలోనే సంపేత్తావా?’ అన్నాది మా ఊరి పైడమ్మ.”

గంగ మాట్లాడుతూనే టార్పాలిన్ మీద ఆరబోసిన కాఫీ పళ్లను పాదంతో అటూ ఇటూ తిరగేస్తోంది. మన్యంలో ముంచింగిపుట్టు దాటి కొండ రోడ్డు మీద ఇంకా కొంత ఎక్కితే వాళ్ల ఊరు. వయసు నలభై ఆరు. చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. ఏడేళ్లుగా పార్వతీపురంలో అచ్చయ్యే ఒక వారపత్రికలో ఆమె బొమ్మల కథ వస్తోంది. వారానికి మూడే గళ్లు. కర్రకు దుప్పటి కట్టి, ఇద్దరు మనుషులు భుజాన మోస్తున్న డోలీలో ఒక ముసలమ్మ. ఆసుపత్రికని బయలుదేరింది, చేరదు. దారిపొడవునా లోకాన్ని తిడుతూ పోతుంది.

బొమ్మలు ఎవరు నేర్పారని అడిగాను.

“దోమలు నేర్పాయి” అని నవ్వింది. పెళ్లికి ముందు మలేరియా నివారణ నినాదాలు గోడల మీద రాసే పని చేసిందట. “రాత ఎవుడూ సదివేవోడు కాదు. పక్కన నానేసిన దోమని సూసి మాత్రం ఆగీవోరు. ఆ దోమకి మా సర్పంచి మీసం పెట్టాను. ఊరంతా వచ్చి సూసీసింది.”

పైడమ్మ తిట్టిన రోజు నుంచి గంగ ఒక పద్ధతి పెట్టుకుంది. బొమ్మ ముందు పెన్సిలుతో వేస్తుంది. దాన్ని సంతకు తీసుకెళ్లి అల్లం బస్తా మీద పరుస్తుంది. కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ చూస్తారు. నవ్వకపోతే చెరిపేస్తుంది. తప్పంటే దిద్దుతుంది. సంత ఒప్పుకున్నాకే ఇంకు.

ఆ ముసలమ్మ నోటికి అదుపు లేదు. తాతలనాటి పోడు భూమికి కాగితం చూపమన్న ఉద్యోగిని ‘నీ తాత కాగితమేదిరా?’ అంటుంది. దుప్పట్లు పంచి ఓటడిగినవాడిని ‘ఇది డోలీకి సరిపోద్దేటి?’ అని అడిగి, దుప్పటిని లాగి చూస్తుంది. రెండు పార్టీలవాళ్లు ఆమెను తమ బ్యానరు మీదకు అడిగారు. గంగ ఇవ్వలేదు.

“ఓటు ఎవుడికేత్తానో మా ఆయనకే సెప్పను. గెలిసినోడిని మర్నాటి నుంచి అడగాల కదా బాబూ. ఆడి జెండా నా సేతిలో ఉంటే ఎలాగడగను?”

ముసలమ్మకు ఒకే ఒట్టు. ఊళ్లోకి రోడ్డు వచ్చేదాకా డోలీ దిగదు.

కిందటి వానాకాలంలో రోడ్డు పూర్తయిందన్నారు. ప్రారంభానికి పెద్దలు వస్తున్నారు. పత్రిక ఎడిటర్ సర్వేశ్వరరావు ఫోన్ చేశాడు. “గంగమ్మా, ఈ వారం ముసలమ్మని దింపెయ్యండి. ఫ్లెక్సీ కూడా వేస్తామంటున్నారు.”

రోడ్డు నిజంగానే వచ్చింది, ఊరి ముందు పారే గెడ్డకు అవతలి ఒడ్డు దాకా. గెడ్డ మీద కల్వర్టు లేదు. ఆ మాటే చెప్పింది గంగ. దింపకపోతే వచ్చేవారం నుంచి ఆ చోటు ప్రకటనలకు పోతుందన్నాడు ఆయన.

“ఆ మూడు గళ్లు తప్ప నాకింకేటుంది?”

ముసలమ్మ దిగుతున్నట్టు పెన్సిలుతో గీసి సంతకు పట్టుకెళ్లింది. ఒక్కరూ నవ్వలేదు. పైడమ్మ కాగితం వైపు చూసి, “దింపీసావు సరే. మా కోడలికి నొప్పులొత్తే గెడ్డ నీ బొమ్మ మీంచి దాటాలేటే?” అంది.

గంగ అక్కడే చెరిపేసింది. ఈ ఒడ్డున డోలీ, ఆ ఒడ్డున అంబులెన్సు గీసింది. ముసలమ్మ మెడ సాచి డ్రైవరును అడుగుతోంది: ‘ఏటిరా నాయనా, నీ బండికి ఈత రాదేటి?’ అల్లం బస్తాల చుట్టూ నవ్వు ఆగలేదట.

గంగ పంపిన ఆ బొమ్మను ఫోన్లో చూసి, నచ్చజెబుదామని ఎడిటరే బయలుదేరి వచ్చాడు. గెడ్డ దగ్గర బండి ఆపి, ఫోను నెత్తిన పెట్టుకుని, నడుంలోతు నీళ్లలో దిగాడు.

“ఒక సెప్పు గెడ్డకిచ్చీసొచ్చాడు బాబూ! మా ఆయన లుంగీ కట్టించి కాఫీ ఇచ్చాను. గ్లాసు కిందెట్టి ‘ఇంకు వేసెయ్యండమ్మా’ అన్నాడు.”

ఆ వారం ముసలమ్మ మొదటి పేజీకెక్కింది. ప్రారంభం వాయిదా పడింది. మళ్లీ వానలు పడేలోగా కల్వర్టు లేచింది. దాని మీదుగా ఊళ్లోకి వచ్చిన మొదటి అంబులెన్సు పైడమ్మ కోడలి కోసమే. ఆడపిల్ల పుట్టింది.

తర్వాతి సంతలో గంగ ముసలమ్మను దింపింది. ఈసారి అందరూ కాగితం మీదకు వంగారు. పైడమ్మే కళ్లు తుడుచుకుని, “కాళ్లకి సెప్పులెయ్యే, తారు కాల్తాది” అంది. గంగ చెప్పులేసింది.

ఆ బొమ్మ ఇప్పుడు ఆమె గోడ మీద ఉంది. ముసలమ్మ రోడ్డు నడిమధ్య, నడుం మీద చేయి పెట్టుకుని, అచ్చం ఊరు తనదే అన్నట్టు నిలబడింది.

“అయితే కథ అయిపోయిందా?” అన్నాను.

“అయిపోడమేటి!” కాఫీ పళ్లు వదిలేసి నా వైపు తిరిగింది గంగ. “ఆ ఎదురు కొండ సూసారా? అక్కడ బుధు అని డోలీ మోసీవోడున్నాడు. ఆల్ల ఊరోల్లింకా డోలీయే మోస్తన్నారు. ముసల్దాన్ని ఆల్ల డోలీ ఎక్కించాలనుంది. అడక్కుండా ఎక్కిస్తే బాగోదు. మీరెలాగా అటే దిగతన్నారు. మా ముసలమ్మకి సోటిత్తారేటో బుధుని అడిగి బేగి కబురెట్టండి. ఆ దారి శానా నిట్టనిలువంట, మోసేటప్పుడు మజ్జిలో ఎక్కడ బుజం మారుస్తారో అది కూడా అడగండి. ఈసారి తప్పేస్తే పైడమ్మ నన్ను బతకనివ్వదు.”