సూరమ్మ జబ్బుకు నంబరు

ఈ ఉదయం మా వీధిగోడకు సున్నం వేస్తుంటే, ఆ తడి వాసనకు రాజమండ్రి మిషను ఆసుపత్రిలోని ఆనాటి ఆడవాళ్ళ వార్డు కళ్ళముందు నిలిచింది. నాకు అప్పుడు ఇరవయ్యేళ్ళు. అక్కడ రిజిస్టరు రాసే శాంతమ్మగారి దగ్గర పనికి చేరాను. ఆవిడ సామర్లకోట చర్చి ఉపదేశిగారి భార్య. ఆయన పోయాక ఈ పనికి వచ్చారు. ఆసుపత్రిలో ఉండి వెళ్ళే ప్రతి మనిషి పేరు ఎదురుగా, అచ్చుపుస్తకంలో జబ్బులకిచ్చిన నంబర్లలో తగినది వేయాలి. ఏడాదికోసారి ఆ లెక్క మద్రాసుకు వెళ్ళేది.

మొదటి వారం ఏడుగురికి వరసగా జ్వరం నంబరే వేశాను.

“ఏంటమ్మా, అందరిదీ ఒకే జబ్బా?” అన్నారు శాంతమ్మగారు.

“అందరికీ ఒళ్ళు కాలిందండి.”

“ఎందుకు కాలిందో అడిగావా?”

అడగలేదు. సిగ్గుపడి మంచాల దగ్గరికి వెళ్ళాను. ఒకామెకు చలితో రోజు విడిచి రోజు వచ్చేదట, ఇంకొకామెకు కాన్పయిన మూడోనాడు మొదలైందట. ఒక్కొక్కరి మాట వింటూ పుస్తకం తిప్పుతుంటే, ఆ నంబర్ల వెనక మనుషులు లేచి కూర్చుంటున్నట్టనిపించింది. అంత ఉత్సాహం నాకు బడిలో కూడా కలగలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు ద్రాక్షారామం వైపు రైతు ఇల్లాలు సూరమ్మ ఇంటికి బయల్దేరింది. డాక్టరమ్మగారు కాళ్ళ ‘ఉబ్బు’ అని రాశారు. వాపు తగ్గింది. కాలువలో పడవ సిద్ధంగా ఉంది, భర్త మూట కట్టేశాడు. ఉబ్బు నంబరు వేయబోతూ, ఎలా మొదలైందని అడిగాను.

“ముందు తిమ్మిరండి. పాదమ్మీద నిప్పురవ్వ పడితే తెలీలేదండి. కమురు వాసనొస్తే చూసుకున్నాను.”

తిమ్మిరీ ఉబ్బూ కలిసి వచ్చే జబ్బొకటి పుస్తకంలో చూసిన గుర్తు. పుస్తకం తిప్పాను. శాంతమ్మగారిని దాదాపు చెయ్యి పట్టి లాక్కొచ్చాను. ఆవిడ సూరమ్మ పిక్కను మెల్లగా నొక్కితే కెవ్వుమంది. కళ్ళు మూసుకోమని ఈకతో అరికాలు తాకితే మాత్రం కదల్లేదు.

“బెరిబెరిలా ఉందే! వెళ్ళి డాక్టరమ్మగారికి చెప్పు.”

“ఆవిడ రాసింది తప్పని నేనెలా చెప్పనండి?”

“తప్పని ఎందుకూ? సూరమ్మ చెప్పింది చెప్పు. పడవ కదిలిపోతుంది, పరిగెత్తు!”

పరిగెత్తాను. డాక్టరమ్మగారు కోప్పడలేదు. మాట పూర్తికాకముందే లేచి వచ్చి, పరీక్షించి, మూట విప్పించారు. అది గుండెకు పాకితే ప్రాణం నిలవదని సూరమ్మ భర్తకు చెప్పారు. తెల్లబియ్యమే తింటే వచ్చే జబ్బని, బియ్యం తగ్గించి పాలు, పెసలు, గోధుమరొట్టె పెట్టించారు. ఆ మధ్యాహ్నమే ఉబ్బుతో ఉన్న మరో ఇద్దరిని అడిగాం. ఒకామెది అదే, రెండో ఆమెది కాదు.

నెల దాటాక సూరమ్మ ఎవరి ఊతా లేకుండా పడవ దాకా నడిచింది. ఆమె పేరు ఎదురుగా శాంతమ్మగారు నన్నే నంబరు వేయమన్నారు. సంతోషంలో తొందరపడి వేస్తే అంకె వంకర పోయింది. కొట్టేసి మళ్ళీ రాస్తానన్నాను.

“ఉండనీ అమ్మా, సరైన అంకే కదా,” అని నవ్వారు.

శాంతమ్మగారు పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు రిజిస్టరు నాది. రోగి మొదటి మాటకే జబ్బు పేరు నా నోటిదాకా వచ్చేస్తుంది. అయినా ఆమె చెప్పడం అయ్యేవరకు కలం ముట్టుకోను.