అవ్వ కట్టిన పసుపు దారం

దక్షిణాఫ్రికాలో కొత్త ప్రభుత్వం వచ్చిన కొత్తలో ఉద్యోగానికని డర్బన్ వెళ్లి, రిజర్వాయర్ హిల్స్‌లో అద్దెకు దిగాను. చెక్కను గిర్రున తిప్పే లేత్ మిషన్ మీద ఉలితో భరిణెలు చేయడం నా సరదా. కుడిచేతికి ఆపరేషన్ అయినప్పుడు ఇంటావిడ, అక్కడే పుట్టిన తెలుగు అవ్వ, అమ్మవారి పసుపు దారం మణికట్టుకు కట్టి, "తీసినావంటే చూడు!" అంది.

చెయ్యి కాస్త కుదుటపడ్డాక గరాజ్‌లో మళ్లీ లేత్ ఆన్ చేశాను. తిరుగుతున్న చెక్క, మణికట్టు దారం కొసను చుట్టేసుకుని చేతిని లాగేసింది. ఉలి జారిపోయింది. స్విచ్ అందదు, వేళ్లలో పట్టు లేదు. కెవ్వుమన్నాను. అంతలో దారం తెగింది.

పరుగెత్తుకొచ్చిన అవ్వ తెగిన దారం చూసి, "చూసినావా అయ్యా, అమ్మోరు నీ చెయ్యి కాపాడినాది!" అని కళ్లొత్తుకుంది. వెంటనే ఇంకో దారం తెచ్చింది. ఈసారి తెగకూడదని మూడు పేటలు వేసింది.

కాదనలేక, ఆ చెయ్యే మళ్లీ చాపాను.