పొట్టవ్వ మనవరాలు

రోఫినా ఒకచోట కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు మా గోలో వెలా ఊళ్లో ఎవరూ లేరు. కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూ తాగుతుంది. ఆదివారం గుళ్లో ఫాదరు ప్రసంగం అందుకోగానే వెనక బల్ల మీంచి లేచి గుమ్మం దాకా వెళ్లొస్తుంది. "కాలు కాలిన పిల్లిని కట్టుకున్నాన్రా బాబూ" అని ఆమె మొగుడు లోదో కల్లు దగ్గర చెప్పి నవ్విస్తుంటాడు. నవ్వేవాళ్లకేం పోయింది, నవ్వుతారు. ఆ కాలు ఎక్కడ కాలిందో వాళ్లకి తెలియక కాదు.

గుహలో ఎముకలు బయటపడిన ఏడు మొదలైంది ఇదంతా. రోఫినా పొట్టిది. వాళ్ల నాన్న పొట్టి, నాయనమ్మ ఇంకా పొట్టి. మా కొండ మీద పొట్టివాళ్లకి కొదవ లేదు గనక ఆ సంగతి ఎవరూ పట్టించుకున్నది లేదు. అలాంటిది, ఊరి పైనున్న గుహలో తవ్వుతుంటే బురదలోంచి ఒక ఆడమనిషి ఎముకలు వచ్చాయి. ఎత్తు చూస్తే చిన్నపిల్ల, పళ్లు చూస్తే అరిగిపోయిన పెద్ద మనిషి. వేల వేల ఏళ్ల కిందట ఈ దీవిలో ఇలాంటివాళ్లు బతికారని పట్నం వాళ్లు చెప్పారు. ఊరు ఆశ్చర్యపోయింది. ఆ తరవాత ఎవడో తల తిప్పి రోఫినా వైపు చూశాడు. అంతే, ఎముకలకి పొట్టవ్వ అనీ, రోఫినాకి పొట్టవ్వ మనవరాలు అనీ పేర్లు పడిపోయాయి.

పేరుతో పోతే బాగానే ఉండేది. టేపు పట్టుకుని ఒక డాక్టరు దిగాడు, ఆమె చేతులూ కాళ్లూ తలా కొలిచాడు. గుహ చూడ్డానికి వచ్చే జనం ఆమెని పక్కన నిలబెట్టుకుని ఫొటోలు దిగడం మొదలెట్టారు. ఊరి పెద్ద బోనెఫాస్ కూడా వాళ్లనే వెనకేసుకొచ్చాడు. "నీ సొమ్మేం పోయింది ఎను, కాసేపు నిలబడితే?" అనేవాడు. మా వైపు ఆడపిల్లని ఎను అనీ, పెద్దాయన్ని ఎమా అనీ పిలుస్తారు. దీనికి తోడు రోఫినాకి పిల్లల్లేరు. నీళ్ల దగ్గర ఆడవాళ్లు ఆ రెండూ కలిపి ఒక మాట అల్లారు. "పొట్టవ్వకి మనవరాలైతే ఉంది గానీ, ఆ మనవరాలికి మనవలేరీ?" పుండు మీద కారం చల్లడం ఎవరికైనా చేతనవును.

తవ్వకం నడిపించేది జావా నుంచి వచ్చిన వెనింగ్ అనే ఆవిడ. అందరూ ఆమెని ఇబూ, అంటే అమ్మగారూ, అని పిలిచేవారు. రోఫినా ఒకరోజు నేరుగా ఆమెనే అడిగేసింది.

"ఇబూ, నాకో ముక్క చెప్పండి. ఆ గుహలోది మా అవ్వా, కాదా?"

"ఇంకా తేలలేదమ్మా. అది వేరే మనుషుల జాతి అని మేమంటున్నాం. కాదు, మనలాంటి మనిషే, ఏదో జబ్బు చేసి గిడసబారిపోయిందని కొందరంటున్నారు. వాళ్ల మాటే నిజమైతే, మీ పూర్వీకురాలు కావచ్చు."

"ఎలా తేలుతుంది మరి?"

వెనింగ్ తన మణికట్టు పట్టుకుని చూపించింది. "ఇక్కడ గులకరాళ్లంత ఎముకలుంటాయి. మనిషి పుట్టకముందే వాటి ఆకారం కుదిరిపోతుంది, జబ్బు చేస్తే మారేది కాదు. పొట్టవ్వది దొరికితే చెప్పేస్తాను."

మర్నాటి నుంచి రోఫినా జల్లెడ పనిలో చేరింది. గోతిలోంచి తీసిన మన్ను వరిమళ్ల పక్కన కాలవ దగ్గరికి మోసుకొస్తారు. దాన్ని జల్లెడలో పోసి నీళ్లలో ఆడిస్తే బురద పోయి ఎముకలు మిగులుతాయి. మిగిలేవి ఎలక ఎముకలే, బుట్టలకి బుట్టలు. మిగతా ఆడవాళ్లు మధ్యలో ఆకూ వక్కా వేసుకుంటూ ఊసులాడుకునేవారు. ఈమె మాత్రం నడుం లోతు కాలవలో దిగి జల్లెడనే చూస్తూ ఉండేది. ఇంటికొచ్చాక మంచం మీద కూడా చేతులు ఆడుతూనే ఉండేవి. "ఎలకలు పట్టే యావ మాత్రం నిజంగా పిల్లిదే" అన్నాడు లోదో. అన్నవాడే లేచి ఆమె చేతులు రెండూ పట్టుకుని పడుకున్నాడు, మంచివాడే.

గుహ తలుపు తియ్యాలంటే మాకొక పద్ధతుంది. ఏటా తవ్వకం మొదలయ్యే రోజు గుహ ముందు కోడిని కోసి, అన్నమూ కాలేయం ముక్కా ఆకువక్కా పెట్టి, "ఎంపో" అని పిలిచి, ఫలానావాళ్లు లోపలికి వస్తున్నారని చెప్పాలి. నాయనమ్మనీ, ఎప్పుడో పోయిన పెద్దల్నీ పిలిచే మాట అదొక్కటే. ఎముకలు ఎవరివో తెలియక ముందు నుంచీ పిలుస్తూనే ఉన్నాం. ఇందులో తిరకాసేమిటంటే, ఎంపో అని పిలిచి పెట్టినవాళ్లు బంధువులైపోయినట్టే. బతికున్నంత కాలం ఏటా పెట్టాలి, మానితే చచ్చినవాళ్లు ఊరుకోరు. అందుకే ఆ పళ్లెం రోఫినా ఎన్నడూ ముట్టుకోలేదు. "నీ అవ్వ, నువ్వే పెట్టు" అని బోనెఫాస్ వేళాకోళమాడితే, "నీ అవ్వకి నువ్వు పెట్టుకో ఎమా" అని మొహం మీదే అనేసేది.

రెండో ఏడు వానలకి ముందు, జల్లెడలో ఎలక పళ్ల మధ్య చింతగింజంత ఎముక ఒకటి మిగిలింది. రోఫినా దాన్ని అరచేతిలో పెట్టుకుని, మీద రెండో చెయ్యి మూసి, వెనింగ్ దగ్గరికి పరిగెత్తింది.

జవాబు మరుసటి ఏడు తవ్వకానికి ముందు వచ్చింది. వెనింగే ఇంటికొచ్చి, వాకిట్లో చాప మీద కూర్చుని చెప్పింది.

"మణికట్టుదే రోఫినా. మనది అలా ఉండదు. వాళ్లు వేరే జాతి మనుషులు, మీకూ వాళ్లకీ చుట్టరికం లేదు. మీరూ నేనూ ఒకటి, వాళ్లు వేరు."

"మరి వాళ్ల పిల్లలూ?"

"పుట్టే ఉంటారు. వాళ్లూ పోయారు, వాళ్ల పిల్లలూ పోయారు. ఎక్కడో ఆఖరి మనిషి ఒకతె మిగిలి ఉంటుంది. ఆవిడతో సరి."

రోఫినాకి ఆ పూట చివరి మాట చెవికెక్కలేదు. ఊళ్లో ఇంటింటికీ వెళ్లి, నీళ్ల దగ్గర నిలబడి, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పింది. "ఏదీ, ఇప్పుడనండి మనవరాలని!" బోనెఫాస్ ఇంటి ముందైతే రెండుసార్లు చెప్పింది. గెలిచింది. హాయిగా ఉండాల్సిన మనిషి, వారం తిరక్కుండానే మళ్లీ వాకిట్లో తిరగడం మొదలెట్టింది. ఆఖరి మనిషి ఒకతె. ఆవిడని మట్టి చేసిందెవరు? తనకి మాత్రం ఎవరున్నారు? లోదో పోయి, తనూ పోయాక, ఈ ఊళ్లో ఎంపో అని తనని పిలిచి ఒక ముద్ద పెట్టేదెవరు? ఆ భయం ఆమెకి ఇవాళ్టిది కాదు, ఇన్నాళ్లూ దాని మీద కోపం కప్పుకుని తిరిగింది.

తవ్వకం మొదలయ్యే రోజు పొద్దున్న అందరూ గుహ దగ్గర చేరారు. బోనెఫాస్ వట్టి చేతులతో వచ్చాడు.

"కోడేది ఎమా?" అంది రోఫినా.

"కోడెందుకు ఎను? ఇన్నాళ్లూ పిలిచింది మన పెద్దల్ని, వాళ్లకి ఇంటి దగ్గరే పెట్టుకుంటాం. ఇక్కడున్నవాళ్లు మనవాళ్లు కారని నువ్వే కదా ఊరంతా టముకు వేశావు. కానివాళ్లని పిలిచి నెత్తికెత్తుకోవడం దేనికి? దారిన పోయేవాళ్లతో చుట్టరికమా!" అన్నాడాయన. కొందరు నవ్వారు. తప్పు కూడా కాదు, ఆయన చెప్పింది మా పద్ధతే. మగవాళ్లు పారలు అందుకున్నారు.

"ఆగండి" అంది రోఫినా.

కొండ దిగి ఇంటికి పోయింది. తిరిగొచ్చేసరికి చేతిలో పళ్లెం, వెనక తెల్ల పుంజుని చంకన పెట్టుకుని ఆయాసపడుతూ లోదో. బోనెఫాస్‌కి నవ్వు పోయింది.

"ఎను, తెలిసే చేస్తున్నావా? ఒకసారి పిలిస్తే చచ్చేదాకా తప్పదు. పొట్టవ్వ మనవరాలివని ఊరు మళ్లీ అంటుంది. ఈసారి కాదనడానికి నీకు నోరుండదు."

వెనింగ్ కూడా దగ్గరికొచ్చి మెల్లగా అంది. "రోఫినా, ఆవిడ మీకేమీ కాదు. ఆ ఎముక వెతికి తెచ్చింది మీరే కదా."

"ఏమీ కాదు ఇబూ, తెలుసు. నాకే కాదు, ఎవరికీ ఏమీ కాదంట ఆవిడ. అందుకే ఈ పళ్లెం."

ఆ మాటలు పలకడం మగవాళ్ల పని. లోదో రెండు చేతులా పుంజుని పట్టుకుని రోఫినా వైపు చూశాడు. రోఫినాయే పళ్లెం గుహ ముందు దించి, చీకట్లోకి పిలిచింది.

"ఎంపో! ఇటు రా. నేను రోఫినాని, నీ మనవరాల్ని. ఆలస్యమైంది, కోపం పెట్టుకోకు. తిను."

లోదో పుంజుని కోసి, కాలేయం ముక్క పళ్లెంలో పెట్టాడు. పెట్టినవాళ్లు పెద్దలు తినేదాకా పక్కన కూర్చోవాలి. రోఫినా పళ్లెం పక్కన నేల మీద కూర్చుంది. ఇప్పుడు లేస్తుంది, ఇప్పుడు లేస్తుంది అని లోదో చూస్తూనే ఉన్నాడు. ఎండ గుహ నోట్లోకి వచ్చి, అన్నం చల్లారిపోయినా ఆమె లేవలేదు.